ముప్పై నాలుగు చుట్లు

దిగువపేట వాల్వు మూయడానికి ముప్పై నాలుగు చుట్లు పడుతుంది. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు, చుట్ల మావయ్య చేతుల్లో ఉంది. ఊరి మొత్తానికి అరవై రెండు వాల్వులు. ఏది ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఏది మధ్యలో పట్టేస్తుందో, ఏది చివర్లో మొరాయిస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అందుకే ఆయనకా పేరు. సొంత పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు.

బుధవారం పొద్దున ఆరింటికి ఆయన ఇనప మూత ఎత్తి, గోనెసంచి మీద మోకాళ్ళానించి, అడ్డపిడి ఉన్న టీ రాడ్డుని గుంతలోకి దించాడు. రాడ్డు కొస వాల్వు తల మీద కూర్చున్నట్టు చేతికి తెలిశాక లేచి నిలబడి ఎడమకి తిప్పడం మొదలెట్టాడు. అన్ని వాల్వులూ కుడికి తిప్పితే మూసుకుంటాయి. ఇదొక్కటే ఎడమకి. ఎప్పుడో ఏ కార్ఖానా నుంచి వచ్చిందో గానీ దాని మర అడ్డం తిరిగింది. పని నేర్పిన మేస్త్రి మొదటిరోజే దీన్ని చూపించి, "ఒరే, ఇది ఎడ్డెమంటే తెడ్డెమనే రకం, జాగ్రత్త" అన్నాడు. అప్పట్నుంచీ వాళ్ళిద్దరి మధ్యా ఇది తెడ్డెం వాల్వు. మేస్త్రి పోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడా పేరు తెలిసినవాడు ఈయనొక్కడే.

ముప్పై రెండో చుట్టు దగ్గర వేగం తగ్గించాడు. ఒక్కసారిగా మూసేస్తే నీళ్ళు వెనక్కి తన్ని పైపు కీళ్ళు ఊడిపోతాయి. ముప్పై మూడు. ముప్పై నాలుగు. రాడ్డుకి చెవి ఆనించి విన్నాడు. సన్నగా కూసిన నీళ్ళు కాసేపటికి మూగబోయాయి. ఆ నీళ్ళు ఆయన సొంత పేటవి. ఆ పేటలోనే మూడో సందులో ఆయన ఇల్లు.

ఇదంతా ఎందుకంటే ఆదివారం నాడు దేశం చేతులు కడుక్కోబోతోంది. నీళ్ళ ఆఫీసు గుమ్మం పక్కన గోడంత బోర్డు ఒకటుంది, దాని మీద 'మన దేశం, మన ప్రపంచ రికార్డులు' అని తొమ్మిది వరసలుంటాయి. ఒకే క్షణంలో లక్షన్నర గొడుగులు తెరిచిన రికార్డు (ఆ ఏడాది చుక్క వాన పడలేదు, అది వేరే సంగతి). ప్రపంచంలోకెల్లా పెద్ద కుర్చీ, దాంట్లో ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు. ఒంటికాలి మీద నాలుగు రోజులు నిలబడ్డ మనిషి. పదో వరస కోసం పెయింటరు అప్పుడే తెల్లరంగు పూసి సిద్ధంగా ఉంచాడు. ఒకేచోట, ఒకేసారి, ముప్పై రెండు వేలమంది చేతులు కడుక్కున్న రికార్డు పక్క దేశానిది. మనం ముప్పై అయిదు వేలమందితో దాన్ని కొట్టాలి. పారే కుళాయి కింద, సబ్బుతో, మైకులో ముప్పై లెక్కపెట్టేదాకా. మధ్యలో చేయి తీసినవాడు లెక్కలోకి రాడు. మూడు రోజులు రిహార్సలు, నాలుగో రోజు అసలు పని. దానికి ఊరి ట్యాంకు నిండుగా ఉండాలి. ట్యాంకు నిండాలంటే ఎవరో ఒకరి గొంతు తడి ఆరాలి. దిగువపేట అన్నిటికంటే కింద ఉంది, అడగడానికి పెద్దమనుషులెవరూ లేరు, ఇంకేం కావాలి!

చుట్ల మావయ్య దీన్ని తప్పనుకోలేదు. నిజం చెప్పాలంటే లోలోపల మురిసిపోయాడు. గొడుగుల రికార్డులో ఆయనా ఒక గొడుగు. ఆ గొడుగు ఇప్పటికీ తలుపు వెనక మేకుకి వేలాడుతూనే ఉంది.

"ఎన్నాళ్ళు నాన్నా?" అంది కూతురు. ఏడునెలల పాపని ఒళ్ళో వేసుకుని పాలసీసా పడుతోంది. అల్లుడు లారీ మీద వెళ్ళి పది రోజులైంది, ఇంకో పది రోజులకి గానీ రాడు. కూతురికి పాలు చాలక పొడిపాలే దిక్కు.

"ఆదివారం దాకానే తల్లీ. ఇట్టే గడిచిపోతాయి. రికార్డొస్తే ఆ నీళ్ళు మన పేటవేనని చెప్పుకోవచ్చు."

"చెప్పుకుంటే దాహం తీరుతుందా?" అంది కూతురు. మాటకి మాట అప్పజెప్పడం తల్లి పోలిక.

ఆ సాయంత్రమే పేట ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఆఫీసు ముందుకి వెళ్ళారు. ఇంజనీరు బయటికి రాలేదు. ఆయన ఈ ఊరికొచ్చి నాలుగు నెలలైంది. చదువు దండిగా ఉన్నవాడు, చేతికి మట్టి అంటనివాడు. ఆడవాళ్ళు వెళ్ళిపోయాక తెడ్డెం వాల్వు మూతకి గొలుసు వేయించి, తాళం పెట్టి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

గురువారానికి ఇళ్ళల్లో పట్టుకున్న నీళ్ళు అయిపోయాయి. దుకాణాల్లో నీళ్ళ సీసాలు లేవు, అన్నీ రికార్డు పెట్టుకున్న స్టేడియానికే తరలిపోయాయి. సందు చివర, మురుక్కాలువ పక్కన, ఎప్పుడో మానేసిన చేతిబోరు ఉంది. జనం దాన్నే కొట్టడం మొదలెట్టారు. పసుపుపచ్చ నీళ్ళొచ్చాయి. గుడ్డలో వడగట్టినా రంగు పోలేదు.

మధ్యాహ్నం చుట్ల మావయ్య ట్యాంకు దగ్గర రెండు క్యాన్లు నింపుకుని, సైకిలుకి కట్టుకుని ఇంటికి తెచ్చాడు. సందులో ఎవరూ పలకరించలేదు. ఎదురింటి ఇస్త్రీ ఆవిడ మాత్రం పెట్టె పక్కన పెట్టి చూసింది. ఆమె ముగ్గురు మనవలూ గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు.

"అన్నయ్యా, కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలి? మీ ఇంట్లో ఒక్క పాప. మా ఇంట్లో ముగ్గురు. మా వాళ్ళవి గొంతులు కావా?"

ఆయనకి తల కొట్టేసినట్టయింది. నీళ్ళు నములుతూ క్యాన్లు రెండూ లోపల పెట్టాడు. కూతురు అంతా వింటూనే ఉంది. పాపని చాప మీద పడుకోబెట్టి, క్యాన్లు రెండూ గుమ్మంలోకి ఈడ్చుకొచ్చి, ఇంటికో చెంబు చొప్పున పోయడం మొదలెట్టింది.

"అమ్మాయ్, పాపకి ఉంచు!"

"ఉంచుతాలే నాన్నా. వాళ్ళు చూస్తుండగా నేనెలా మూత పెట్టుకోను?"

చివరికి అరక్యాను మిగిలింది. దాన్ని మరిగించి పాలపొడికే వాడింది. సీసా కడగడానికి కూడా ఆ నీళ్ళు వాడ్డానికి మనసొప్పక బోరునీళ్ళతో కడిగింది. ఆ ఒక్క కడుగే చాలింది.

శుక్రవారం తెల్లారేసరికి పాపకి విరేచనాలు. పది గంటలకల్లా తొమ్మిదిసార్లు. పదకొండింటికి పేట ఆరోగ్యకేంద్రంలో పన్నెండో వరసలో కూర్చున్నారు. ముందున్న పదకొండుమందీ పిల్లలే, అందరిదీ అదే జబ్బు. ఇస్త్రీ ఆవిడ చిన్నమనవడు గోడకి జారబడి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

నర్సు పాప పొట్ట మీద చర్మం రెండువేళ్ళతో పట్టి వదిలింది. ముడత వెంటనే పోలేదు, కాసేపు అలాగే నిలబడి ఉంది. పాప నోరు తెరిచి ఏడ్చింది. గొంతు పిల్లికూనలా సన్నగా వచ్చింది.

"చూశారా, ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు రావట్లేదు" అంది నర్సు. "ఒంట్లో నీళ్ళు లేవు. ఈ పొట్లాలు తీసుకోండి. పొట్లానికి లీటరు నీళ్ళు. చెంచా చెంచాగా, ఆపకుండా పట్టాలి. మంచినీళ్ళయితేనే సుమా! ఆ బోరునీళ్ళల్లో కలిపారంటే మీ చేత్తో మీరే విషం పట్టినట్టు."

"మంచినీళ్ళు ఎక్కడివమ్మా?" అంది కూతురు.

"నన్నడిగితే నేనెవర్నడగను? ఇక్కడా కుళాయి ఎండిపోయి మూడురోజులు. చేతులు కడుక్కోకుండానే సూదులు పొడుస్తున్నా." నర్సు మొహం తిప్పుకుంది. "రేపటికి ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడా వరండా నిండిపోయిందంటున్నారు మరి."

చుట్ల మావయ్య మళ్ళీ క్యాన్లు కట్టుకుని ట్యాంకుకి పరిగెత్తాడు. గేటు దగ్గర కొత్త కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. గిన్నెడు నీళ్ళు కూడా బయటికి పోకూడదని ఆర్డరట. ముప్పై ఒక్క ఏళ్ళుగా తన చేతుల మీదుగా నిండి ఖాళీ అయిన ట్యాంకది. గేటు బయట నిలబడి దాన్ని తలెత్తి చూశాడు, అంతే.

అక్కణ్ణించి స్టేడియానికి. రిహార్సలు నడుస్తోంది. మైదానమంతా పైపుల వరసలు, మూరకో కుళాయి. వేలమంది మోచేతులదాకా చొక్కాలు మడిచి, నురగ చేతులు పైకెత్తి నిలబడ్డారు. "వేళ్ళ సందుల్లో! గోళ్ళ కింద!" అంటూ మైకు అరుస్తోంది. కుళాయిలు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి, కట్టేవాడు లేడు. పైపు కీళ్ళల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. గడ్డిలో చీలమండల్లోతు నీళ్ళు. చుట్ల మావయ్య చెప్పులు తడిశాయి. ఒళ్ళు మండిపోయింది.

ఇంజనీరు గొడుగు కింద కుర్చీలో ఉన్నాడు.

"సార్, పేటలో పిల్లలకి విరేచనాలు. నా మనవరాలు కూడా. ఒక్క గంట వాల్వు తెరుద్దాం సార్. తాళంచెవి ఇస్తే నేనే వెళ్ళి..."

"ఒక్క గంట తెరిస్తే పేటంతా గంగాళాలు నింపుకుంటుంది. ట్యాంకు మట్టం ఇప్పటికే తక్కువగా ఉంది. దేశం పరువు విషయమయ్యా ఇది! బయటి దేశం నుంచి లెక్కలవాళ్ళు వచ్చి కూర్చున్నారు."

"ఇక్కడ కారిపోయేది చాలు సార్ మా పేటకి."

"నాకు పాఠాలు చెప్పకు. ఎల్లుండి దాకా ఆగలేరా?"

ఎల్లుండి దాకా పాప ఆగలేదు. తిరిగొస్తూ, క్యాన్లయితే కంటబడతాయని, అక్కడ దొరికిన ఖాళీ నీళ్ళ సీసా ఒకటి కుళాయి కింద పెట్టి నింపుకున్నాడు. లీటరు. దాన్ని చొక్కాకింద దోపుకుని, దొంగలా గోడవారగా నడుచుకుంటూ సందులోకొచ్చాడు. ఇస్త్రీ ఆవిడ గుమ్మంలో ఉంది. ఈసారి ఏమీ అనలేదు, చిన్నవాణ్ణి భుజాన వేసుకుని ఊరికే నిలబడింది. అంతకన్నా ఆమె నాలుగు తిట్టినా బాగుండేది.

కూతురు పొట్లం కలిపి సగం గ్లాసులో పోసి ఎదురింటికి పంపింది. ఆయన వద్దనలేదు. మిగతాది చెంచాతో పాపకి పట్టారు. పట్టిందానికి రెండింతలు పోతోంది. శనివారం పొద్దుటికి సీసా ఖాళీ. పాప కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడవడం కూడా మానేసింది.

"నాన్నా, ఏదైనా చెయ్యి" అంది కూతురు. నిద్రలేని కళ్ళతో తండ్రి చేతులకేసి చూసింది. "నువ్వే కదా కట్టేశావు."

ఆ మాట అని తనే నోరు నొక్కుకుంది. అన్నమాట వెనక్కి రాదు కదా. చుట్ల మావయ్య గుమ్మందాటి బయటికొచ్చి, గొలుసు తెంపడానికి రంపం ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తుండగా సందు చివర జీపు హారన్ మోగింది. ఇంజనీరు పిలుస్తున్నాడని కబురు.

వాల్వు గుంత దగ్గర ఇంజనీరు, ఆఫీసు పనివాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇంజనీరు మొహం జేవురించి ఉంది.

"ట్యాంకులో రెండడుగులు తగ్గింది. ఎక్కడికి పోయాయి నీళ్ళు?"

"స్టేడియం పైపులు కారుతున్నాయి సార్. నిన్న నా కళ్ళతో..."

"కారడం కాదు. ఈ వాల్వు సరిగా మూయలేదు." తాళం తీయించి, మూత ఎత్తించి గుంతలోకి తొంగి చూశాడు. "బుధవారం ఎటు తిప్పావు?"

"ఎడమకి సార్. ముప్పై నాలుగు చుట్లు."

ఇంజనీరు తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత పనివాళ్ళకేసి చూశాడు.

"ఎడమకా? విన్నారా? ఎడమకి తిప్పి మూశాడట! ఏ వాల్వయినా కుడికి తిప్పితే మూసుకుంటుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు గడ్డి పీకావా ఇక్కడ? మూడు రోజులుగా వాల్వు బార్లా తెరిచి ఉంది! ఆ పేటవాళ్ళేమో నీళ్ళు లేవని ఖాళీ బిందెలు పట్టుకొచ్చి ఆఫీసు ముందు ఏడుపులు. అన్నీ నాటకాలు!"

"కాదు సార్, ఈ వాల్వు అన్నిటిలాంటిది కా..."

"నోర్ముయ్. ఇంకొక్క మాట మాట్లాడకు. నా కళ్ళముందు కుడికి తిప్పు."

చుట్ల మావయ్య నోరు మూసుకున్నాడు.

మొదట అది అలవాటు. పెద్దవాళ్ళు మూయమంటే మూసుకునే నోరది. ఆ తర్వాత, రాడ్డు అందుకోవడానికి వంగినప్పుడు, ఆ నోరు మూసుకుంటే ఏం తెరుచుకుంటుందో ఆయనకి తెలిసింది. ఇంకొక్క మాట... 'సార్, ఇది తెడ్డెం వాల్వు' అనే ఒక్క మాట చాలు, తన పేరు నిలబడుతుంది. పనివాళ్ళిద్దరూ నవ్వు బిగపట్టుకుంటున్నారు. సాయంత్రానికి ఊరంతా పాకుతుంది: చుట్ల మావయ్యకి కుడి ఎడమలు తెలియవట! బతుకులో ఆయన సంపాదించుకున్నది ఆ పేరొక్కటే.

గోనెసంచి పరిచి మోకాళ్ళానించాడు. రాడ్డు దించాడు.

"పొరపాటైంది సార్" అన్నాడు.

కుడికి తిప్పాడు. మొదటి చుట్టు బిగుసుకుంది, చేతుల నరాలు తేలాయి. రెండోది కదిలింది. ఇంజనీరు పైకి లెక్కపెడుతున్నాడు. ఏడు, ఎనిమిది... పదిహేను దగ్గర రాడ్డు వణకడం మొదలెట్టింది. నేల అడుగున నీళ్ళు కదిలాయి. ఇరవై అయిదు దాటేసరికి ఆ చప్పుడు అందరికీ వినపడింది.

"ఏమిటా మోత?"

"గాలి సార్. మూసుకునేటప్పుడు పైపులో గాలి అలాగే తన్నుకుంటుంది."

ఉద్యోగంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. గొంతు తడబడలేదు.

"ముప్పై మూడు. ముప్పై నాలుగు" అన్నాడు ఇంజనీరు. "ఇదీ మూయడమంటే." జీపు బానెట్ మీద పుస్తకం పెట్టి, 'దిగువపేట వాల్వు నా సమక్షంలో కుడివైపు ముప్పై నాలుగు చుట్లు తిప్పి పూర్తిగా మూయించడమైనది' అని రాసి సంతకం చేశాడు. మళ్ళీ గొలుసు, మళ్ళీ తాళం. తాళంచెవి మళ్ళీ జేబులోకి.

"రేపు స్టేడియంలో పని పడ్డవాళ్ళంతా అక్కడే ఉండండి. నువ్వు మాత్రం రాకు. నీ మొహం చూస్తే నాకు బీపీ పెరుగుతోంది. సోమవారం వచ్చి మెమో తీసుకో."

జీపు మలుపు తిరిగేదాకా చుట్ల మావయ్య నడిచాడు. తిరిగాక పరిగెత్తాడు. యాభై ఏడేళ్ళ మోకాళ్ళవి, మూడో సందు వచ్చేసరికి గొంతు ఎండి మాట రాలేదు. కూతుర్ని సైగతో కుళాయి దగ్గరికి లాక్కెళ్ళాడు. కుళాయి దగ్గింది. గాలి ఊదింది. తుప్పునీళ్ళు ఉమ్మింది. ఆ తర్వాత తెల్లగా, చిటికెనవేలంత ధార.

కూతురు కెవ్వుమనబోతుంటే నోటి మీద చేయిపెట్టాడు.

"అరవకు. ఎవర్నీ అరవనివ్వకు. అందర్నీ పట్టుకోమను, చప్పుడు కాకుండా. ఎలా వచ్చాయని అడగొద్దని చెప్పు."

ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. దిగువపేట ఆ మధ్యాహ్నం నీళ్ళు పట్టుకున్న తీరు చూడాలి! బిందె అడుగున గుడ్డముక్క వేసి, ధార మోగకుండా కుళాయికి ఇంకో గుడ్డ కట్టి, పిల్లల నోళ్ళు నొక్కి, గుసగుసలతో పేట పేటంతా నింపుకుంది. ఏ రోజూ లేనిది, ఆ రోజు కుళాయిల దగ్గర ఒక్క తగువు లేదు. ఇస్త్రీ ఆవిడ ఆయన గుమ్మం ముందుకొచ్చి నిలబడింది, చేతులు రెండూ జోడించబోయింది. ఆయన తల అడ్డంగా ఊపి లోపలికి పొమ్మన్నాడు.

పాప మాత్రం చెంచా పెదాలకి ఆనిస్తే మింగుతోంది, అంతే. కళ్ళు తెరవడంలేదు. చెంచా చెంచాకీ మధ్య ఆయన మనసులో లెక్కపెట్టుకున్నాడు. ముప్పై నాలుగు లెక్కపెట్టడం, ఒక చెంచా పట్టడం. రాత్రంతా తండ్రీకూతుళ్ళు వంతులేసుకున్నారు.

ఆదివారం పదింటికి స్టేడియం మైకు పేటదాకా వినపడింది. ముందు పాటలు, తర్వాత ఉపన్యాసాలు, తర్వాత లెక్క. "ఒకటి... రెండు..." వేలమంది గొంతు కలిపారు. చుట్ల మావయ్య చెంచా పట్టుకుని ఆగాడు. పన్నెండు. పదమూడు. ఆ లెక్క పూర్తవాలనుకోవాలో వద్దో ఆయనకి తెలియలేదు. ఒకప్పుడు ఆయనా గొడుగు పట్టుకుని అలాగే అరిచినవాడే. పంతొమ్మిది దగ్గర గొంతులు చెల్లాచెదురయ్యాయి. ఇరవై అని ఎవరో ఒక్కరన్నారు. కాసేపు మైకు గరగరలాడింది. ఆ తర్వాత ఏదో పాట పెట్టేశారు.

"ఏమైంది నాన్నా?"

"నీళ్ళాగిపోయుంటాయి" అని ఆయన చెంచా ముంచాడు.

సోమవారం ఆఫీసు గుమ్మం దగ్గర పెయింటరు బోర్డు మీద పదో వరసని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాడు. ముందే రాసేసుకున్నాడు పాపం. లోపల ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద వాల్వుల పుస్తకం తెరిచి ఉంది. ఆయన బూట్లకి బురద, అరచేతులు కమిలి ఉన్నాయి.

"పొద్దున్నే వెళ్ళి నేనే తిప్పి చూశాను" అన్నాడు. గొంతులో మొన్నటి దర్పం లేదు. "ఎడమకి మూసుకుంటోంది."

చుట్ల మావయ్య తలూపాడు.

"నీకు తెలుసు."

"తెలుసు సార్."

"మరెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను సార్. మీరు నోర్ముయ్యమన్నారు."

ఇంజనీరు తన సంతకం కేసి చూసుకున్నాడు. ఆ సంతకం అక్కడుండగా ఇంకొకణ్ణి దోషిని చెయ్యడం కుదరదు. చేస్తే తనే ముందు దొరుకుతాడు.

"తిప్పి చూసి... ఎటు వదిలారు సార్?" అని చుట్ల మావయ్య అడిగాడు.

"తెరిచే వదిలాను." ఇంజనీరు పుస్తకం మూశాడు. "నీ మనవరాలికెలా ఉంది?"

"కళ్ళు తెరిచింది సార్. ఇంకా నీరసమే."

ఇంజనీరు మెమో ముందుకి తోశాడు. వాల్వు పాతబడి చెడిపోయిందని ఒక వాక్యం. వాల్వుల మనిషికి పనిలో తగిన తెలివిడి లేనందున ఇకనుంచి సామాన్ల గదికి కాపలాగా వేస్తున్నామని ఇంకో వాక్యం. చుట్ల మావయ్య రెండోదాన్ని రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టాడు. బయట సైకిలుకి కట్టుకున్న టీ రాడ్డు విప్పి తెచ్చి గోడకి ఆనించాడు. పిడి దగ్గర ఆయన అరచేతుల ఒరిపిడికి ఇనుము నున్నబడి మెరుస్తోంది.

"కొత్తగా వచ్చేవాడికి చెప్పండి సార్, అది తెడ్డెం వాల్వని. మిగతావి ఎన్నెన్ని చుట్లో అతనొచ్చి అడిగితే చెప్తాను."

గేటు దాటుతుంటే పనివాళ్ళల్లో ఒకడు, "మావయ్యా, ఇంటికి ఎటు వెళ్ళాలి, కుడికా ఎడమకా?" అని వెనకనుంచి అరిచాడు. ఇంకొకడు పకపకా నవ్వాడు. చుట్ల మావయ్య వెనక్కి తిరగలేదు. సైకిలు తేలిగ్గా ఉండడం కూడా ఆయనకి బాధగానే ఉంది.

ఇంటికొచ్చేసరికి కూతురు పొయ్యి దగ్గర ఉంది. చాప మీద పాప కాళ్ళు కదుపుతోంది. ఆయన వంగి ఎత్తుకోబోయాడు.

"చేతులు కడుక్కో నాన్నా ముందు!"

కుళాయి తిప్పి, సబ్బు రుద్దుకుని, వేళ్ళ సందులూ గోళ్ళ కిందా తీరిగ్గా కడుక్కున్నాడు. తుడుచుకోకుండానే పాపని తీసుకున్నాడు. చల్లటి చేతులు తగిలేసరికి పాప ఉలిక్కిపడింది. పెదవి విరిచింది. గుక్కపట్టి, సందంతా వినపడేలా, ఏడుపందుకుంది.

"అబ్బబ్బ, ఏం చేశావు నాన్నా దాన్ని?" అంటూ కూతురు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

ఆయన పాప మొహం ఆమెకేసి తిప్పాడు. బొటనవేలితో పాప బుగ్గ తుడిచి, తడిసిన ఆ వేలు కూతురికి చూపించాడు.

"ఇదుగో తల్లీ, చూడు" అన్నాడు. "కన్నీళ్ళొస్తున్నాయి."